నలభై వేలకు పది సౌండ్లేనా?

దౌల్తాబాద్, కొడంగల్ వైపు ఊళ్లలో పిల్లకో పిల్లగాడికో పియానో మీద మనసు పోతే, పెద్దవాళ్లు మొదట సలహా అడిగేది హార్మోనియం వాయించేవాణ్ని. భజనల్లో, భాగోతాల్లో పెట్టె పట్టినవాడు కదా, నల్ల మెట్లు తెల్ల మెట్లు ఉన్న దేని గురించైనా వాడికి తెలిసే ఉంటుందని నమ్మకం. ఆ నమ్మకంతోనే నా దగ్గరికీ వస్తుంటారు. కానీ ఈ ఒక్క విషయంలో మా హార్మోనియం వాళ్ల మాట కాస్త చూసుకుని వినాలి. మెట్ల వరస ఒకటే గానీ, వేలికీ శబ్దానికీ ఉన్న లెక్క రెండింటిలో వేరు.

హార్మోనియంలో మెట్టు తలుపు లాంటిది. తెరిస్తే గాలి పోతుంది, లోపల రీడు పలుకుతుంది. తలుపును మెల్లగా తీసినా, తన్ని తీసినా పోయే గాలి అంతే. గట్టిగా పలకాలంటే ఎడమచేత్తో తిత్తి ఎక్కువ ఊదాలి. అంటే పాట బలమంతా ఎడమచేతిలో ఉంటుంది, కుడిచేతి వేళ్లకు స్వరం ఎంచుకోవడమే పని. 1842లో పారిస్‌లో అలెగ్జాండర్ దెబేన్ హార్మోనియం పేరుతో హక్కు తీసుకున్న వాయిద్యానికి తిత్తులు కాళ్ల కింద ఉండేవి. తరవాత కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ దాన్ని చేత్తో ఊదే పెట్టెగా మార్చాకే, నేల మీద కూచుని పాడే మన బాణీకి అది సరిపోయింది. పద్యనాటకం, సురభి, వీధి భాగోతం, అన్నీ ఆ పెట్టె మీదే నడిచాయి. మన చెవి కూడా దానితోనే తయారైంది. వేలు వేసే తీరును బట్టి శబ్దం మారుతుందన్న సంగతి మనకు తట్టదు.

పియానో పుట్టిందే ఆ సంగతి కోసం. 1700 ప్రాంతంలో ఫ్లారెన్స్‌లో బార్తొలోమియో క్రిస్టోఫరీ కట్టిన యంత్రంలో మెట్టు నొక్కితే లోపల ఒక సుత్తి ఎగిరి తీగను కొట్టి, మరుక్షణం వెనక్కి పడుతుంది. సుత్తి ఎంత వేగంగా ఎగిరితే అంత గట్టిగా పలుకుతుంది. మెట్టు కిందికి దిగేది దాదాపు ఒక సెంటీమీటరు. ఆ సెంటీమీటరును వేలు ఎంత వేగంతో దాటిందన్న దాంట్లోనే మెత్తదనం, కోపం, లాలన అన్నీ ఉన్నాయి. సుత్తులు కూడా అన్నీ ఒక్క బరువు కావు. మంద్రం వైపు బరువుగా, తారస్థాయి వైపు తేలిగ్గా ఉంటాయి. దానికి తగ్గట్టే వేళ్లు అలవాటు పడతాయి.

డిజిటల్ పియానోలో తీగలుండవు. కానీ బాగా చేసినవాటిలో ప్రతి మెట్టు కిందా నిజంగానే ఓ చిన్న బరువు కదులుతుంది. మెట్టు దిగేటప్పుడు రెండు చోట్ల, కొన్నింటిలో మూడు చోట్ల, సెన్సర్లు దాన్ని పసిగడతాయి. ఒకదానికీ ఇంకోదానికీ మధ్య పట్టిన సమయాన్ని బట్టి వేలి వేగం లెక్కగట్టి, అసలు పియానో నుంచి ముందే రికార్డు చేసి పెట్టుకున్న శబ్దాన్ని ఆ మేరకు వినిపిస్తాయి. అసలు పియానో కొని మా వైపు బతికించడం కష్టం. దానికి రెండొందలకు పైగా తీగలు. ఎండాకాలం ఒక తీరు, వానాకాలం ఒక తీరు. శ్రుతి చేసేవాడు ప్రతిసారీ హైదరాబాద్ నుంచి రావాలి. డిజిటల్ దానికి ఆ బాధ లేదు.

అసలు చిక్కు ధర దగ్గర. ఎనభై ఎనిమిది మెట్లు, సుత్తి బరువు ఉన్న కొత్త డిజిటల్ పియానో నలభై వేల చుట్టుపక్కల మొదలవుతుంది. 2025-26కు కందికి కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 8,000 రూపాయలు. అంటే ఐదు క్వింటాళ్ల కందులు. వానల మీద బతికే మా నేలల్లో అది ఓ ఎకరం పంట, అదీ కాలం కలిసొస్తే. మందులు, కూలీలు, కోత ఖర్చు ఇంకా తీయనేలేదు. ఇంత పెట్టి కొనేవాడు గట్టిగా అడగడంలో తప్పేముంది?

తొమ్మిదో తరగతి బిడ్డ కోసం ఒకాయన అలాగే అడిగాడు. ఫోన్‌లో రెండు బొమ్మలు చూపించి, "అన్నా, గీ ఎనిమిది వేల క్యాసియోల నాలుగు వందల సౌండ్లున్నయంట. గీ నలభై వేలదాంట్ల పదే ఉన్నయి. మరి గిదేం లెక్క?" అన్నాడు. లెక్క సరిగ్గానే చదివాడు. అట్ట పెట్టె మీద రాసినదాన్ని బట్టి కొంటే ఎవరైనా ఎనిమిది వేలదే కొంటారు. యమహా పీ-145లో పది సౌండ్లు, క్యాసియో సీడీపీ-ఎస్110లో పది, రోలాండ్ ఎఫ్‌పీ-10లో పదిహేను. వాటిలో కూడా నేర్చుకునే పిల్ల రోజూ వాడేది మొదటిదొక్కటే. మిగిలిన డబ్బంతా మెట్ల కిందికి పోయింది. వేణువు, వీణ, విమానం మోత, కుక్క అరుపు పలికించడానికి చిప్పుకు పెద్ద ఖర్చు లేదు. ఎనభై ఎనిమిది కదిలే బరువుల్ని ఒకే తీరుగా కూర్చడానికే ఖర్చు.

అందుకే డబ్బు తక్కువున్నవాళ్లు మొదట చూడాల్సింది మెట్టునే అంటాను. అలాగని తేలిక మెట్ల కీబోర్డులన్నీ ఒక్కటి కావు. వేలి వేగాన్ని పసిగట్టేవి ఉన్నాయి, పసిగట్టనివి ఉన్నాయి, పైకి చూస్తే తేడా తెలియదు. క్యాసియో సీటీ-ఎస్200, సీటీ-ఎస్300 అన్నదమ్ముల్లా కనిపిస్తాయి. వేలి వేగం తెలిసేది రెండోదానికే. యమహాలో పీఎస్ఆర్-ఎఫ్52కు, ఇ273కు తెలియదు, ఇ373కు తెలుసు. తెలియనిదాన్ని కొంటే మీరు కొన్నది కరెంటు హార్మోనియం. దాని మీద రెండేళ్లు వాయించిన పిల్లను ఏదో పోటీలో అసలు పియానో ముందు కూచోబెడితే, కొన్ని స్వరాలు పేలతాయి, కొన్ని అసలు పలకవు. పిల్లకు రాదని అంటారు. పిల్లకు రాకపోవడం కాదు, దాని వేళ్లను ఆ రెండేళ్లూ ఎవరూ అడగలేదంతే. ఇంతకన్నా ఘోరం, బొమ్మల దుకాణంలో దొరికే చిన్న మెట్ల రకం. వాటి మీద వేళ్ల మధ్య దూరమే తప్పుగా అలవాటవుతుంది.

పైన చెప్పిన మూడు పియానోల్లో ఏది అంటే, నాకు చేతికి బాగున్నది రోలాండ్. దాని మెట్ల కింద మూడు సెన్సర్లు ఉండటం వల్ల మెట్టు పూర్తిగా పైకి రాకముందే మళ్లీ నొక్కినా పలుకుతుంది. యమహా మెట్టు కాస్త తేలిక. ఎక్కువమంది కొనే పేరు కాబట్టి రేపు అమ్మడం సులువు. కానీ మా మండలానికి నేను ఓటేసేది క్యాసియోకు, ఒక మొరటు కారణంతో. ఆరు పెన్సిల్ బ్యాటరీలతో కూడా అది నడుస్తుంది. కరెంటు పోయిన సాయంత్రం సాధన ఆగదు. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే ఏదైనా పరవాలేదు. ఇవి తినేది చాలా తక్కువ. పీ-145కు ముందు వచ్చిన పీ-45 ఆరు వాట్లతోనే పనిచేస్తుంది, మనింటి ఎల్ఈడీ బల్బు అంతకన్నా ఎక్కువ తింటుంది. ఒకేసారి ఎన్ని స్వరాలు మోగుతాయన్న అంకె ఒకటి అందరూ అడుగుతారు. అరవై నాలుగున్నా మొదటి మూడు నాలుగేళ్లకు ధారాళం.

అయితే అందరికీ పియానోయే కావాలా? కాదు. ఆదివారం చర్చిలో పాటకు తోడు వాయించాలి, గణపతి మండపం దగ్గర ఆర్కెస్ట్రాలో నిలబడాలి, పెళ్లి ఊరేగింపులో సినిమా పాట ఎత్తుకోవాలి అనే పిల్లగాడికి అరవై ఒక్క మెట్ల కీబోర్డే సరైన పనిముట్టు. చంకన పెట్టుకుని బండి మీద పోవచ్చు. దరువులు అందులోనే ఉంటాయి. యమహా పీఎస్ఆర్-ఐ500, క్యాసియో సీటీ-ఎక్స్870ఐఎన్ లాంటివి తబలా, డోలక్ తాళాలతో మన దేశం కోసమే చేసినవి. ఇంకో సంగతి కూడా ఉంది. స్వరం నుంచి స్వరానికి జారే గమకం పియానోకు రాదు. ఇదే నేరం కింద మా హార్మోనియాన్ని ఆలిండియా రేడియో 1940 నుంచి 1971 దాకా గడప తొక్కనివ్వలేదు. కొన్ని కీబోర్డులకు, సీటీ-ఎస్300 లాంటివాటికి, ఎడమ పక్కన చిన్న చక్రం ఉంటుంది. దాన్ని తిప్పితే స్వరం కొంత జారుతుంది. నేను చెప్పిన మూడు పియానోలకూ ఆ చక్రం లేదు. పరీక్షలు రాయించాలనుకునేవాళ్లకు ఒక మాట. ట్రినిటీ కాలేజ్ లండన్ వాళ్లు పియానోకు, ఎలక్ట్రానిక్ కీబోర్డుకు వేర్వేరు సిలబస్‌లు పెట్టారు. ఏది రాయాలో టీచర్‌తో తేల్చుకున్నాకే దుకాణం మెట్లెక్కండి.

ఇక పెట్టె ధరలో కనిపించని ఖర్చులు. పదకొండు పన్నెండు కిలోల పియానోను డైనింగ్ టేబుల్ మీద పెట్టి సరిపెట్టుకుందామంటారు. మామూలు టేబుల్ ఎత్తే రెండున్నర అడుగులు. దాని మీద పియానో మందం కలిస్తే పిల్ల భుజాలు చెవుల దాకా లేస్తాయి. నేల నుంచి తెల్ల మెట్టు పైభాగం వరకు రెండడుగుల నాలుగైదు అంగుళాలు ఉండాలి. కూచున్నప్పుడు మోచెయ్యి మెట్ల ఎత్తులోనే రావాలి. దీనికి కంపెనీ స్టాండే అక్కర్లేదు. ఊళ్లో వడ్లాయనకు కొలతలిస్తే టేకు ముక్కలతో ఊగని బల్ల చేసిస్తాడు. దుకాణాల్లో చవగ్గా దొరికే కత్తెర స్టాండు కన్నా అదే నయం. కూచోవడానికి ప్లాస్టిక్ కుర్చీ వద్దు. దాని చేతులు మోచేతులకు అడ్డం పడతాయి.

తాండూరు నాపరాళ్ల ఇళ్లలో మాకు ఇంకో రెండు చిక్కులున్నాయి. పియానోతో వచ్చే పెడల్ చిన్న ప్లాస్టిక్ స్విచ్. పాలిష్ బండ మీద కాలు పెట్టినప్పుడల్లా అది ముందుకు జారిపోతుంది. పిల్ల పాట ఆపి కాలితో దాన్ని వెతుక్కుంటుంది. కింద రబ్బరు మ్యాట్ వేసి, మ్యాట్ మీద కుర్చీ ముందు కాళ్లు కూడా ఆనేట్టు చూడండి, కదలదు. రెండోది, బండల నేల, సున్నం గోడలు ఉన్న గదిలో శబ్దం తిరిగి తిరిగి మోగుతుంది. ఆరు, ఎనిమిది వాట్ల స్పీకర్లు చాలవేమోనని భయపడి విడిగా బాక్సులు కొననక్కర్లేదు. ఆ డబ్బుతో ఓ మంచి హెడ్‌ఫోన్ కొనండి. తెల్లారి ఐదింటికి సాధన చేసినా ముసలాళ్ల నిద్ర చెడదు. పాలిషింగ్ యూనిట్ల దగ్గర ఇళ్లున్నవాళ్లు వాయించడం అయిపోగానే పాత నూలు చీర మడతపెట్టి కప్పాలి. ఆ రాతి దుమ్ము మెట్ల సందుల్లోంచి సెన్సర్ల రబ్బరు మీదికి చేరిందంటే స్వరాలు తడబడతాయి.

కొత్తది కొనలేకపోతే? ఎనిమిది వేల కొత్త కీబోర్డు కన్నా పాతిక వేల పాత పియానో మేలంటాను. హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో పిల్లలు మానేసినవి, అమెరికా పోతూ అమ్మేసేవి ఎప్పుడూ దొరుకుతాయి. తాండూరు రైలెక్కితే లింగంపల్లి ఎంత దూరం! చూడ్డానికి పోయినప్పుడు అమ్మేవాళ్లను వాయించమనకండి. వాళ్లు బాగున్న మెట్ల మీదే వాయిస్తారు. ముందు కరెంటు తీసేసి వట్టి మెట్లు నొక్కుతూ పోండి. ఎక్కడైనా టకటక ఎక్కువగా వినిపిస్తే లోపల మెత్త అరిగింది. తరవాత పియానో సౌండ్ పెట్టి, ఎనభై ఎనిమిదింటినీ ఒకే మెత్తదనంతో ఎడమ నుంచి కుడికి నొక్కండి. ఒక మెట్టు అరిచినా, ఒకటి మూగబోయినా దాని కింది రబ్బరు పోయినట్టు. అది మార్చగలిగేదే, కానీ బేరంలో రెండు మూడు వేలు తగ్గించమని అడగాలి. హెడ్‌ఫోన్ రంధ్రంలో వైరు పెట్టి కదిపి చూడండి. పెడల్ తొక్కి పట్టుకుని ఒక స్వరం కొట్టి, అది మెల్లగా సన్నగిల్లుతుందా, ఠక్కున తెగుతుందా వినండి.

"ఆరు నెలలకే మానేస్తే?" అన్నది ప్రతి తండ్రి అడగకుండా దాచుకునే ప్రశ్న. పాతిక వేలకు కొన్న పాత పియానో చెడకపోతే ఏడాది తరవాత ఇరవైకి పోతుంది. ఎనిమిది వేలకు కొన్న కీబోర్డును మూడు వేలకు కూడా బతిమాలి అమ్మాలి. నష్టం రెండింట్లోనూ ఐదు వేలే. తేడా ఏమిటంటే, మొదటిదాని మీద పిల్ల ఆ ఏడాదీ వేళ్లతో పియానో వాయించి ఉంటుంది.

డబ్బు చేతికిచ్చే ముందు అడాప్టర్ ఆ పెట్టెతో వచ్చినదేనా అని చూడండి. యమహాలు పన్నెండు వోల్టులవి, చిన్న క్యాసియోలు చాలావరకు తొమ్మిదిన్నరవి. కొన్ని పాత క్యాసియోలకు ప్లస్ మైనస్‌లు కూడా తిరగబడి ఉంటాయి. పిన్ను పట్టింది కదా అని టీవీ సెట్‌టాప్ బాక్సుది తెచ్చి పెట్టారంటే అంతే సంగతులు.