కానుక లెక్క బల్ల దగ్గరే

కోత పండుగనాడు చర్చి ఆవరణలో వేలం పాట చూసినవాళ్లకు తెలుసు, బజారులో 30 రూపాయల గుమ్మడికాయ అక్కడ వేలల్లో పలుకుతుందని. కోడిపుంజు, కొబ్బరి గెల, కొత్త వడ్ల బస్తా, అన్నీ ఇష్టంగా పెంచి పాడుకుంటారు. చాలామంది దగ్గర అప్పటికప్పుడు డబ్బుండదు. "జీతం రాగానే కడతానండీ" అంటారు, కడతారు కూడా. ఆ మాట కాగితం మీదికి ఎక్కకపోతేనే చిక్కు. నెల తిరిగేసరికి ఎవరి జ్ఞాపకం వారిది; కట్టినవాడు కూడా కట్టలేదనిపించుకుంటాడు. అందుకే వేలం పుస్తకంలో పాట ఎంత, కట్టింది ఎంత, బాకీ ఎంత అని గడులు గీయమని పట్టుబడతాను. కట్టిన ప్రతిసారీ రసీదు నంబరు వేయాలి.

ఆదివారం కానుకల సంచీ అంతే. ఆరాధన అయ్యాక ఇద్దరు కలిసి లెక్కపెట్టాలి, ఆ ఇద్దరూ ఒకే ఇంటివాళ్లు కాకూడదు. సంతకాలు అక్కడే, బల్ల దగ్గరే. మైకు రిపేరుకో, పాస్టరుగారి ప్రయాణానికో సంచిలోంచే తీసి మిగిలింది జమ వేస్తే, ఆ వారం అసలు వచ్చిందెంతో ఏ పుస్తకంలోనూ దొరకదు. మొత్తం బ్యాంకులో పడాలి, ఖర్చు వోచరు మీద విడిగా రావాలి.

దేవుని పనికి నమ్మకం చాలు, లెక్కలెందుకనే పెద్దలు రెండవ రాజుల గ్రంథం 12వ అధ్యాయం చూపిస్తారు. మందిరం బాగుచేయించినవాళ్లు నమ్మకస్తులు గనుక వాళ్లను లెక్క అడగలేదని అందులో ఉంది. నిజమే, కానీ కొన్ని వచనాలు పైనుంచి చదవాలి. యాజకుడు యెహోయాదా మూతకు బెజ్జం పెట్టిన పెట్టె ఉంచాడు. అది నిండినప్పుడు రాజు తరఫు అధికారి, ప్రధాన యాజకుడు కలిసి లెక్కించి సంచుల్లో కట్టారు. డబ్బు చేయి మారకముందే లెక్క తేలింది! పౌలు కూడా యెరూషలేము పేదల చందా విషయంలో ఎవరూ వేలెత్తి చూపకూడదని, సంఘాలు ఏర్పరచిన మనిషిని తోడు పెట్టుకున్నాడు.

డోర్నకల్ ప్రాంతంలో బిషప్ అజరయ్య కాలంలో పేద ఇళ్ల ఆడవాళ్లు వండేముందు గుప్పెడు బియ్యం తీసి గుడికి దాచేవారు. తాము తినవలసిందాంట్లోంచి తీసింది అది. అలాంటి కానుకకు రసీదు అడిగే ధైర్యం ఇచ్చినవాళ్లకు ఉండదు కాబట్టే, అడగకుండా రాయడం కోశాధికారి బాధ్యత.

ఇప్పుడు కానుకలు ఫోన్లలోనూ వస్తున్నాయి. మీ చర్చి గోడ మీది క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే సంఘం పేరు రావాలి. ఎవరో ఒకరి సొంత పేరు వస్తే, వచ్చే కమిటీ సమావేశంలో అడగండి.