రక్తంలో రొయ్య జాడ

రొయ్యల ఇగురు తిన్న పావుగంటకే పెదవులు వాచి, ఒళ్లంతా దద్దుర్లు లేచిన మనిషి రక్తంలో ల్యాబ్ వెతికేది ఐజీఈ అనే యాంటీబాడీని. మిల్లీలీటరు సీరంలో ఐజీజీ యాంటీబాడీలు సుమారు 10 మిల్లీగ్రాములుంటాయి. రొయ్యను పట్టే ఐజీఈ నానోగ్రాముకు లోపున్నా ఈ పరీక్షకు చిక్కుతుంది. అంటే కోటిలో ఒక వంతు!

ఎలా చిక్కుతుందో చూడండి. రొయ్య ప్రొటీన్లను ఊడిరాకుండా ఒక చిన్న సెల్యులోజ్ స్పాంజికి అతికించి, దానిమీద సీరం పోస్తారు. రొయ్యను గుర్తుపట్టిన యాంటీబాడీలు అంటుకుంటాయి. తక్కినవి కడుగుతో పోతాయి. అంటుకున్నవాటిలో ఐజీజీ కూడా ఉండొచ్చు కదా? అందుకే రెండో వల: ఐజీఈని మాత్రమే పట్టే మరో యాంటీబాడీకి ఎంజైమ్ కట్టి వదులుతారు. మళ్లీ కడుగుతారు. ఆఖరున పోసిన ద్రావణాన్ని ఆ ఎంజైమ్ మెరిసే పదార్థంగా మారుస్తుంది. మెరుపు ఎంతో ఐజీఈ అంత. ఇందులో నేను మురిసిపోయేది ఆ కడగడం చూసే. పట్టు దొరకని ఎంజైమ్ కాస్త మిగిలినా అబద్ధపు మెరుపు వస్తుంది.

ఈ పరీక్షకు పునాది 1921లో బ్రెస్లావ్ నగరంలో పడింది. హైంజ్ క్యూస్ట్‌నర్ అనే డాక్టరుకు చేప పడదు. ఆయన సీరాన్ని సహచరుడు కార్ల్ ప్రౌస్నిట్జ్ తన పొట్ట చర్మంలోకే ఎక్కించుకున్నాడు. మర్నాడు అక్కడే చేప సారం ఎక్కిస్తే నిమిషాల్లో దద్దురు లేచింది. ఈ పడని గుణం రక్తంలో ఉందని తన ఒంటిమీదే చూపిన ఆ మనిషికి చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది. ఆ గుణం ఐజీఈదేనని తేలింది 1960లలో, ఇషిజాకా దంపతుల వల్ల, స్వీడన్‌లో యోహాన్సన్, బెన్నిక్‌ల వల్ల. 1967లో వచ్చిన తొలి రక్తపరీక్షలో ఎంజైమ్‌కు బదులు రేడియోధార్మిక అయోడిన్ వాడారు.

పాలు అరగకపోవడం వేరే సంగతి. అక్కడ యాంటీబాడీ లేదు, లాక్టేజ్ ఎంజైమ్ కొరత. దాన్ని పట్టడానికి ఊపిరిలో హైడ్రోజన్ కొలుస్తారు. ఏ ఆహారాలు పడవో ఐజీజీతో చెబుతామనే ప్యానెళ్లకు మాత్రం డబ్బు పోయకండి. తిన్నదాన్ని ఒళ్లు ఎరుగుననే అవి చెప్పగలవు.

ఐజీఈ అంకెకూ హద్దుంది. రొయ్యలోని ట్రోపోమయోసిన్ అనే ప్రొటీన్ లాంటిదే ఇంటి దుమ్ములోని నల్లిలోనూ, బొద్దింకలోనూ ఉంటుంది. నల్లి పడనివాడు రొయ్యలు హాయిగా తింటున్నా రిపోర్టు పాజిటివ్ రావచ్చు. అందుకే అనుమానం తీరనప్పుడు ఆసుపత్రిలో, అడ్రినలిన్ ఇంజక్షన్ అందుబాటులో పెట్టుకుని, చిటికెడు రొయ్యతో మొదలుపెట్టి కొద్దికొద్దిగా పెంచుతూ తినిపిస్తారు. ముద్దకూ ముద్దకూ మధ్య డాక్టరు పెదవులు చూస్తారు, చర్మం చూస్తారు, ఛాతీమీద స్టెతస్కోపు పెట్టి ఊపిరి వింటారు.