పైలట్ల పుస్తకాలు, మా మేనల్లుడి జాబులు

మన పత్రికకు వచ్చే కథల్ని ముందుగా చదివి పెట్టే పని కొన్నేళ్లుగా నాకు అప్పజెప్పారు. ఈమధ్య వాటిలో ఒక కథ వచ్చింది. కథానాయకుడు యుద్ధవిమానం నడిపేవాడు. మొదటి పేరాలో మబ్బులు, రెండో పేరాలో తల్లి దీవెన, చివరి పేరాలో శత్రువిమానంతో సహా కూలిపోవడం. తల్లి కంటతడి పెట్టదు. ఇంకో కొడుకుంటే వాణ్ణీ పంపేదాన్నంటుంది. రాసినవారి భాష మంచి భాష, ఉద్దేశమూ మంచిదే. అయినా తిప్పి పంపమన్నాను. ఎందుకని సంపాదకులు అడిగితే రెండు ముక్కల్లో చెప్పలేకపోయాను. ఈ వ్యాసమే నా జవాబు.

ఆ కథలో ఆ కుర్రవాడు ఒక్కసారి కూడా అన్నం తినడు. ఎవరితోనూ పోట్లాడడు. వాన వెలిసేదాకా కూర్చొని పేకాట ఆడడు. జీతం గురించి, క్వార్టర్స్ గురించి సణగడు. నాకు అభ్యంతరం అక్కడే. ఎందుకంటే మా అక్క కొడుకు ఇరవై ఏళ్లపైన మిగ్-21 నడిపాడు. మా ఇంట్లో మేము చూసిన మనిషి ఈ కథలోని మనిషి కాడు.

విమానం నడిపి, యుద్ధం చేసి, తర్వాత కలం పట్టినవాళ్లు ప్రపంచ సాహిత్యంలో కొద్దిమందే. వాళ్లలో ముగ్గురి పుస్తకాలు నేను మళ్లీ మళ్లీ చదువుతూంటాను. ఫ్రెంచివాడైన సాంతెగ్జుపెరి రాసిన 'ఫ్లైట్ టు ఆరాస్' 1942లో వచ్చింది. రిచర్డ్ హిల్లరీ రాసిన 'ది లాస్ట్ ఎనిమీ' కూడా ఆ ఏడాదిదే. అమెరికన్ రచయిత జేమ్స్ సాల్టర్ నవల 'ది హంటర్స్' 1956లో వచ్చింది. మూడింటిలోనూ ఆకాశం ఉంది. కాని వాటిని నిలబెట్టింది ఆకాశం కాదు, నేలమీది దినచర్య.

సాంతెగ్జుపెరి పుస్తకానికి ఆధారం 1940 మే నెలలో ఆయన చేసిన ఒక పరిశీలన యాత్ర. ఫ్రాన్సు ఓడిపోతోంది. ఆయన దళంలో ఇరవైమూడు జట్లుంటే మూడు వారాల్లో పదిహేడు జట్లు తిరిగిరాలేదు. అలాంటి రోజున ఆరాస్ పట్నం మీదుగా వెళ్లి చూసి రమ్మని ఆజ్ఞ. తెచ్చిన సమాచారాన్ని ఎవరికి చేర్చాలో కూడా తెలియనంతగా సైన్యం చెల్లాచెదరైపోయింది. వెళ్లడంలో ప్రయోజనం లేదని పంపేవాడికి తెలుసు, వెళ్లేవాడికీ తెలుసు. ఇంతటి ఘట్టంలో రచయిత మనకు చూపించేది ఏమిటి? బట్టలు తొడుక్కోవడం. ఒకదానిమీద ఒకటి బరువైన దుస్తులు, ప్రాణవాయువు గొట్టాలు, వెచ్చదనం కోసం తీగెలు, మాట్లాడుకోవడానికి తీగెలు. చావుకు బయల్దేరుతున్న మనిషికి గ్లౌజులు కనబడక కోపం వస్తుంది. ఆ కోపం చదివినప్పుడు ఈయన వెళ్లొచ్చినవాడేనని నాకు నమ్మకం కుదిరింది. పుస్తకం చివర ఆయన మానవుడి గురించి, నాగరికత గురించి చేసే సుదీర్ఘ ఉపదేశం నన్ను అంతగా కదిలించలేదు. గ్లౌజులే లేకపోతే ఆ ఉపదేశాన్ని నేను వినేవాణ్ణే కాను.

హిల్లరీ ఆక్స్‌ఫర్డ్ విద్యార్థి. పడవ పందాల కుర్రవాడు, పొగరుబోతు. దేశం, ధర్మం వంటి పెద్ద మాటలంటే వెక్కిరింత. యుద్ధం ఎందుకు చేయాలనే విషయమై మిత్రుడితో గంటల తరబడి వాదిస్తాడు. పైలట్ల అభిప్రాయాలు తెలుసుకోవాలంటే ఈ పుస్తకం చదవాలి. అవి ఒక్క తీరుగా ఉండవు, రోజుకొక రకంగానూ ఉంటాయి. 1940 సెప్టెంబరు 3న ఆయన విమానం సముద్రం మీద మంటల్లో చిక్కుకొంది. కళ్లద్దాలు నుదుటిపైకి నెట్టుకొని ఉన్నాడు, చేతులకు గ్లౌజులు లేవు. ముఖమూ చేతులూ కాలిపోయాయి. మెకిండో అనే శస్త్రవైద్యుడి దగ్గర నెలల తరబడి కొత్త కనురెప్పలు, కొత్త పెదవి కుట్టించుకొన్నాడు. ఆ చేతులతోనే మళ్లీ విమానం ఎక్కుతానని పట్టుబట్టి, 1943 జనవరిలో శిక్షణలో ఉండగా కూలిపోయి మరణించాడు. అప్పటికి ఇరవైమూడేళ్లు. పుస్తకం చివర బాంబు పడిన ఇంట్లో జరిగే సన్నివేశం, దానితో ఆయనకు కలిగే జ్ఞానోదయం నాకు అతికించినట్టు కనిపిస్తాయి. ఆసుపత్రి పుటలు మాత్రం అలా కావు. అక్కడ మనుషులు ఒకరి ముఖం చూసి ఒకరు నవ్వుకొంటారు.

ముగ్గురిలోనూ పెద్ద కథకుడు సాల్టర్. అసలు పేరు హొరొవిట్జ్. కొరియా యుద్ధంలో 1952లో సేబర్ విమానంలో నూరుకు పైగా యాత్రలు చేశాడు. సాటి అధికారులకు తెలియకూడదని పేరు మార్చుకొని నవల అచ్చువేయించాడు. 1957లో ఉద్యోగం వదిలేశాడు. ఆయన నవలలో అందరిదీ ఒకటే ధ్యాస, అయిదు. అయిదు మిగ్ విమానాల్ని కూల్చినవాడు 'ఏస్'. అయిదు లేనివాడు భోజనశాలలో కూర్చొనే తీరు వేరు. యాత్ర ముగించుకొని విమానాలు తిరిగివస్తుంటే నేలమీదివాళ్లు ముందు చూసేది రెక్కల కింద అదనపు ఇంధనపు టాంకులున్నాయా, జారవిడిచి వచ్చారా అని. టాంకులుంటే పైన పోట్లాట జరగలేదన్నమాట.

నాయకుడు క్లీవ్ పనిలో నిపుణుడు, నిదానస్థుడు. పెల్ అనే కుర్రవాడు తోడు విమానాన్ని గాలికి వదిలేసి లెక్క పెంచుకొంటాడు. పేరంతా పెల్‌దే. చివరికి క్లీవ్ శత్రుపక్షంలో అందరూ భయపడే వీరుణ్ణి కూల్చేస్తాడు. కాని తుపాకులతోపాటు తిరగవలసిన కెమెరా తిరగలేదు. చూసిన ఒకే ఒక్క సాక్షి హంటర్ అనే తోటివాడు. అతను ఇంధనం అయిపోయి, తిరిగివచ్చే దారిలో నేలకు కొట్టుకొని చనిపోయాడు. సాక్షి లేని విజయం లెక్కలోకి రాదు. అప్పుడు క్లీవ్, కూల్చింది నేను కాదు హంటర్ అని చెప్పి, దానికి తనే సాక్షి అవుతాడు. నేను దీన్ని త్యాగమనుకొన్నాను. కర్ణుడి దానం వంటిదని ఒకసారి సాహితీ సమావేశంలో మాట్లాడాను కూడా. ఆ మాట తప్పని ఇప్పుడు ఒప్పుకోవాలి.

2025 సెప్టెంబరులో మన వాయుసేన మిగ్-21ను పూర్తిగా విరమించింది. 1963 నుంచి ఎగిరిన విమానం. ఆ రోజు టీవీ చూస్తూ మా మేనల్లుడు ఏమీ మాట్లాడలేదు. ఉద్యోగ విరమణ చేసి బెంగుళూరు పొలిమేరలోనే ఉంటున్నాడు. మర్నాడు ఈ మూడు పుస్తకాలూ తీసుకెళ్లి ఇచ్చాను. రెండు నెలల తర్వాత తెచ్చిచ్చాడు.

"ఆ ఫ్రెంచాయన పైన ఉన్నప్పుడు శానా ఆలోచిస్తాడు మామా. నాకు పైన అంత తీరిక ఎప్పుడూ లేదు. గ్లౌజులు ఎతుక్కొనేది మాత్రం నిజం" అన్నాడు.

గ్లౌజులనగానే మా ఇంట్లో జరిగిన సంగతి గుర్తొచ్చింది. ఒకసారి సెలవుకు వచ్చినప్పుడు వాడి పెట్టెలోని పల్చటి తోలు గ్లౌజుల్ని మా అక్క సబ్బుపెట్టి ఉతికి ఎండలో ఆరేసింది. అవి అప్పడాల్లా బిగుసుకుపోయాయి. పుట్టి బుద్ధెరిగి తల్లిని ఒక్క మాట అనని వాడు ఆ రోజు కేకలేశాడు. ఒక జత గ్లౌజుల కోసం తల్లిని అంతంత మాటలంటాడా అని మేమంతా నొచ్చుకొన్నాం. హిల్లరీ చేతుల గురించి నేను చదివింది ఆ తర్వాత చాలా ఏళ్లకు. అక్క అప్పటికి లేదు.

"సాల్టర్ సంగతేమి?" అన్నాను.

"అట్లాంటి పెల్ ప్రతి స్క్వాడ్రన్‌లో ఒకడుంటాడు. నువ్వు వాణ్ణి చెడ్డోడంటావు. నేను అనను. వాని పక్కన ఎగరేదానికి ఇష్టం లేదు, అంతే. మేము లెక్క పెట్టేది అయిదూ పదీ కాదు మామా, గంటలు. లాగ్‌బుక్కులో ఎన్ని గంటలు అని."

ఈ మాట నాకు ఒక దారి చూపింది. ఈ పుస్తకాలన్నిటిలోనూ మనుషులు ఏదో ఒకటి లెక్కపెడుతూనే ఉన్నారు. సాంతెగ్జుపెరి మిగిలిన జట్లను లెక్కపెడతాడు, సాల్టర్ మనుషులు కూల్చిన విమానాల్ని. జోసెఫ్ హెల్లర్ పైలట్ కాడు, బాంబులు విడిచే పనివాడు. ఆయన 'క్యాచ్-22'లో అందరూ ఇల్లు చేరడానికి ఇంకా ఎన్ని యాత్రలని లెక్కపెడతారు. పై అధికారి ఆ సంఖ్యను పెంచుతూ పోతాడు. 1944 వేసవిలో హెల్లర్, సాంతెగ్జుపెరి ఇద్దరూ కోర్సికా దీవి నుంచే ఎగిరారు. ఒకాయన లెక్క పూర్తిచేసుకొని ఇంటికెళ్లాడు. రెండో ఆయన వయసు మించిపోయినా పోరి అనుమతి తెచ్చుకొని, జూలై 31న వెళ్లి తిరిగిరాలేదు. భయం గురించి నేరుగా మాట్లాడలేనివాళ్లు అంకెల్లో మాట్లాడుకొంటారు. మనం ఆ అంకెల్ని వీరత్వం కింద చదువుకొంటాం.

"చివర్లో క్లీవ్ చేసింది త్యాగం కాదా?" అని అడిగాను.

"త్యాగమేమి మామా! సచ్చినోని ఇంటికి జాబు రాయాల గదా. ఆ జాబులో రాసేదానికి ఒక మాట దొరికింది. అంతే." కాస్సేపాగి, "మా వాడొకడు పోయినప్పుడు వాని పెట్టె సర్దింది నేనే. సబ్బు పెట్టె, రెండు లుంగీలు, సగం రాసిన జాబు. వాళ్లింటికి రాయమంటే నాలుగు కాయితాలు చించినా" అన్నాడు.

ఏ సంవత్సరమని అడిగాను. చెప్పాడు.

అక్క దాచిన వాడి జాబులు నా దగ్గరున్నాయి. ఇంటికొచ్చి తీసి చూశాను. ఆ నెలలో రాసింది ఒకటే ఇన్లాండు కవరు. తెలుగులో ఏడు వరుసలు. ఇక్కడ వాన పడుతోంది. మెస్సులో ఇడ్లీ రాయిలాగా ఉంది. కొత్త క్వార్టర్స్‌లో నల్లా కారుతోంది. చెల్లెలి పరీక్ష ఎప్పుడు? ఆరోగ్యం జాగ్రత్త. అంతే. ఈ జాబు వచ్చిన రోజు మా బావ, "వీడికి తిండి ధ్యాస తప్ప ఏమీ లేదు" అని నవ్వడం నాకు గుర్తుంది. నేనూ నవ్వాను. సాహిత్యం చదివేవాణ్ణి, విమర్శ రాసేవాణ్ణి, ఆ ఏడు వరుసల్ని చదవలేకపోయాను.

ఎందుకు రాయలేదని వాణ్ణి అడిగాను. తల్లి భయపడుతుందని అంటాడనుకొన్నాను. అదీ అన్నాడు. కాని ముందు అన్న మాట వేరు. "ఎట్ల రాసేది? పైన జరిగేదంతా నా నోట్లో ఇంగ్లీషులో ఉండాది. మెస్సులో హిందీ. తెలుగులో నాకు వచ్చేది అమ్మతో మాట్లాడే తెలుగే. ఆ తెలుగులో ఇడ్లీ ఉండాది, ఇది లేదు."

మన పత్రిక పాఠకులకు ఈ మాట వివరించనక్కర్లేదు. ఆంధ్రదేశం బయట మనం తెలుగును ఇంట్లో నిలుపుకొన్నాం. వంటింట్లో, పూజగదిలో, పెళ్లిపందిట్లో నిలుపుకొన్నాం. పనిలో నిలుపుకోలేకపోయాం. మిగ్ విమానాలు తయారైంది నాసిక్ దగ్గర, వాటి ఇంజన్లు ఒరిస్సాలో కోరాపుట్ జిల్లా సునాబెడలో. 1940లో బెంగుళూరులో మొదలైన విమానాల కార్ఖానా వాటి మాతృసంస్థ. పైలట్లు శిక్షణ పొందేది బీదరులో, దుండిగల్‌లో. శిక్షణ ఇచ్చేవాళ్లు శిక్షణ పొందేది తాంబరంలో. దుండిగల్ తప్పిస్తే ఇవన్నీ మన పత్రిక వెళ్లే రాష్ట్రాలే. ఆ రిపేరు షెడ్లలో, ఆ పరేడ్ మైదానాల్లో తెలుగు ఇంటిపేర్లవాళ్లు ఉన్నారు. వాళ్ల పనిదినం తెలుగు కథలోకి రాలేదు. వచ్చినప్పుడు తిప్పి పంపిన కథలాగా వస్తోంది. పనికి సంబంధించిన మాట దొరకనిచోట మబ్బులూ తల్లి దీవెనా వచ్చి కూర్చొంటాయి.

సాంతెగ్జుపెరికీ హిల్లరీకీ సాల్టర్‌కీ ఉన్న సౌకర్యం ఇదే. పనిచేసిన భాష, అమ్మతో మాట్లాడిన భాష వాళ్లకు ఒకటే. గ్లౌజుల మీది కోపం నేరుగా కాగితం మీదికి వచ్చింది. మనవాడి విషయంలో అది రెండు భాషల నడుమ ఎక్కడో ఆగిపోయి, చివరికి ఇడ్లీ మీద విసుగై బయటికొచ్చింది. అయితే ఇది సాకు మాత్రం కాకూడదు. రైలు, టిక్కెట్టు, ఇంజను మన తెలుగులో కలిసిపోలేదా? స్క్వాడ్రన్ అనే మాట తెలుగు కథలో కూర్చోలేక కాదు, కూర్చోబెట్టినవారు లేక.

కథ పంపిన రచయితకు నా మనవి ఒకటే. మీ ఊళ్లోనో మీ వీధిలోనో సైన్యంలో పనిచేసి వచ్చినవాళ్లు తప్పక ఉంటారు. పోయి కూర్చోండి. యుద్ధం గురించి అడగకండి. మెస్సులో ఏం పెట్టేవారు, వాన రోజు ఏం చేసేవారు, దేనిమీద పోట్లాడుకొనేవారు అని అడగండి. ఆ తర్వాత కథ మళ్లీ రాసి పంపండి, వేద్దాం.

నేనూ ఒక పని పెట్టుకొన్నాను. ఆదివారాలు మేనల్లుడి ఇంటికి వెళ్తున్నాను. జాబులు ఒక్కొక్కటే ముందు పెడితే, ఆ వారం నిజంగా ఏం జరిగిందో చెబుతున్నాడు. ఇంగ్లీషు మాట వచ్చినచోట ఇంగ్లీషు మాటే రాసుకొంటున్నాను. ఇప్పటికి పదకొండు జాబులయ్యాయి. నల్లా కారుతోందని రాసిన ఆ జాబును మాత్రం ఇంకా వాడి ముందు పెట్టలేదు.