సనదు లేని చరిత్ర

కోనసీమలో మస్జిద్ పునర్నిర్మాణం పూర్తి అయినప్పుడో, మదర్సా వార్షికోత్సవం జరిగినప్పుడో ఒక ప్రత్యేక సంచిక వెలువడడం ఆనవాయితీ. అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాల నుండి వచ్చే ఇటువంటి సంచికలలో ఉత్సాహానికి కొదవ ఉండదు. చందాదారుల పేర్లు తప్పు లేకుండా అచ్చవుతాయి. ఎవరు ఎంత ఇచ్చినదీ పైసలతో సహా ఉంటుంది. గ్రామ ముస్లిముల చరిత్ర అనే వ్యాసం దగ్గరకు వచ్చేసరికి మాత్రం ఒక్క వాక్యానికీ లెక్క చెప్పేవారు ఉండరు.

వీటిలో చాలా వ్యాసాలకు నాంది ఒక్కటే. విద్య కోసం చైనా వరకైనా వెళ్ళమని దైవప్రవక్త (స) ఆదేశించారన్న మాట అది. దాని కింద 'హదీసు' అన్న ఒక్క ముక్క. ఏ గ్రంథం, ఏ అధ్యాయం, రావీ ఎవరు అన్నది ఉండదు. ఇబ్నె హిబ్బాన్ ఈ మాటకు మూలమే లేదన్నారు. హిజ్రీ 597లో మరణించిన ఇబ్నుల్ జౌజీ దీనిని తమ కల్పిత హదీసుల సంకలనంలో చేర్చారు. బైహఖీ మాట ప్రసిద్ధమే గాని సనదు బలహీనమన్నారు. జ్ఞానం గొప్పదనాన్ని గురించి దివ్య ఖుర్ఆన్‌లోనే కావలసినంత ఉండగా, ఇంత వివాదమున్న మాటను విచారణ లేకుండా దైవప్రవక్త (స)కు ఆపాదించడం అచ్చుతప్పు వంటి చిన్న పొరపాటు కాదు. విద్యను పొగిడే వ్యాసం విద్యకు మొదటి షరతును మీరి మొదలవుతున్నది.

ఈ షరతు పాశ్చాత్య విశ్వవిద్యాలయాల నుండి దిగుమతి అయినదని కొందరు భావిస్తారు. పాదసూచికలంటే దొరల పద్ధతి అని విసుక్కునేవారూ ఉన్నారు. మాట వేరు, అది చేరిన దారి వేరు అన్న విచక్షణ హదీసు విద్యకు ప్రాణం. రావీ సత్యవంతుడా, జ్ఞాపకశక్తి గలవాడా, తాను పేరు చెప్పిన గురువును నిజంగా కలిశాడా అని విచారించడానికే అస్మావుర్రిజాల్ అనే శాస్త్రం పుట్టింది. బగ్దాదు విద్వాంసులు నూరు హదీసుల సనదులను తారుమారు చేసి, పదిమంది చేత పదేసి చొప్పున ఇమామ్ బుఖారీ ముందు చదివించారని, ఆయన ఒక్కొక్క మాటను దాని సొంత సనదుతో తిరిగి కలిపారని ప్రసిద్ధ కథ ఉన్నది. మదర్సాలో చదివిన ప్రతివాడూ విన్నదే. కాని ఖతీబ్ బగ్దాదీ తమ బగ్దాదు చరిత్రలో దీనిని ఇబ్నె అదీ ద్వారా చెబుతూ, ఆయన 'కొందరు పెద్దల' నుండి విన్నారని దాచకుండా వ్రాశారు. ఆ పెద్దల పేర్లు లేవు. సనదుల గొప్పతనాన్ని చాటే కథకే సనదులో ఖాళీ ఉన్నది. ఆ ఖాళీని కప్పిపుచ్చలేదు గనుకనే తొమ్మిదివందల ఏళ్ళ తరువాత కూడా పాఠకుడు దానిని తూచి చూడగలుగుతున్నాడు.

ఇక చరిత్ర భాగం. 'నవాబుల కాలంలో ఈ మస్జిదుకు భూమి ఇవ్వబడినది' అన్న వాక్యం దాదాపు తప్పనిసరి. ఏ నవాబు? రాజమహేంద్రవరం 1570ల ఆరంభంలో గోల్కొండ వారి వశమైనది. వారు సుల్తానులు, నవాబులు కారు. 1687లో గోల్కొండ పడిపోయి మొగలుల అధికారం వచ్చింది. 1724 నుండి నిజాము. 1753లో సలాబత్ జంగ్ ఈ సర్కారులను ఫ్రెంచివారికి అప్పగించాడు. 1765లో షా ఆలం ఫర్మానా, 1766లో నిజాముతో సంధి, ఆపైన కుంపిణీ. ఇన్ని రాజ్యాలు, సుమారు రెండువందల సంవత్సరాలు ఆ ఒక్క మాట కింద అణిగిపోయినవి.

హిజ్రీ సంవత్సరాలదీ ఇదే గతి. రాజమహేంద్రవరం మస్జిదులోని పారసీ శాసనం హిజ్రీ 724 రంజాను 20వ తేదీది. కట్టించినవాడు సాలార్ ఉల్వీ. తొందరపాటుతో 724కు 622 కలిపితే 1346 వస్తుంది. చాంద్రమాన సంవత్సరం సుమారు పదకొండు రోజులు పొట్టిదన్న సంగతి లెక్కలోకి తీసుకుంటే అది 1324 సెప్టెంబరు 10. ఇరవై రెండేళ్ళ తేడా! ఓరుగల్లు 1323లో పడిపోయింది. ఆ మరుసటి ఏడే గోదావరి ఒడ్డున మస్జిదు లేచిందన్న విశేషం తప్పు లెక్క వేసినవారికి కనిపించనే కనిపించదు.

అనువాదకుల బాధ్యతను గురించి కూడా ఒక మాట అవసరం. పిఠాపురానికి చెందిన ఉమర్ అలీషా కవి ఖయ్యాం రుబాయీలను పారసీ నుండి తెలుగులోకి తెచ్చారు. 1967లో ఇంగ్లీషు కవి రాబర్ట్ గ్రేవ్స్‌తో కలిసి రుబాయీలను ప్రకటించినది వేరొక ఒమర్ అలీషా. ఆయన తమ కుటుంబంలో 12వ శతాబ్దపు వ్రాతప్రతి ఉన్నదన్నారు గాని ఎవరికీ చూపలేదు. 1899లో హెరాన్ ఆలెన్ ప్రకటించిన మూలాల పరిశీలనకే ఆ పాఠం సరిపోతున్నదని ఎల్వెల్ సట్టన్ అనే పారసీ పండితుడు నిరూపించాడు. 'ఉమర్ అలీషా అనువాదం' అని మాత్రమే వ్రాసి ఊరుకుంటే, పరాయివాని అపఖ్యాతి పిఠాపురం కవి నెత్తిన పడుతుంది. భాష, ప్రచురణ స్థలం, సంవత్సరం వ్రాయడం చాదస్తం కాదు. అదే విధంగా 'బుఖారీ' అన్న పేరొక్కటే ఆధారం కాజాలదు. పునరుక్తులతో కలిపి 7,000కు పైగా హదీసులున్న గ్రంథంలో పాఠకుడు ఎక్కడని వెదకాలి? హదీసు సంఖ్యలు ముద్రణను బట్టి మారుతాయి గనుక కితాబు, బాబు పేర్లు కూడా ఇవ్వాలి.

ఇదంతా పండితుల తగవు అనుకుంటే పొరపాటు. సనదు అన్న మాటకు తెలుగు గ్రామాలలో మరో అర్థమున్నది. భూమి ఇచ్చిన పత్రం కూడా సనదే. వక్ఫు భూమిపై తగాదా వచ్చినప్పుడు న్యాయస్థానం అడిగేది ప్రత్యేక సంచికను కాదు, ఆ సనదును. లేదా 1858లో మద్రాసు ప్రభుత్వం నియమించిన ఇనాం కమిషన్ తయారుచేసిన ఫెయిర్ రిజిస్టరులోని పుటను. 'నవాబులు ఇచ్చిన భూమి' అని నాలుగు సంచికలలో అచ్చయినా, ఆ నాలుగూ ఒకదానిని చూసి ఒకటి వ్రాసినవే అయితే సాక్షి ఒక్కడే. ఆ ఒక్కడూ ఎవరో తెలియదు.

పెద్దల నోటి మాట పనికిరాదని దీని అర్థం కాదు. హదీసు విద్యలో మాట నోటి నుండి చెవికే అందింది. చెప్పినవారి పేరు, వయస్సు, గ్రామం, విన్న తేదీ, వారికి ఎవరు చెప్పారు, ఇవి వ్రాసుకుంటే రాజోలు అరుగు మీద విన్న మాట కూడా ఆధారమే అవుతుంది. 'పూర్వీకులు చెప్పుకుంటారు' అని వ్రాస్తే కాదు.

ఒక చిక్కు మిగిలి ఉన్నది. ఊరి పేరు వెదికేవారు ఏ జిల్లా కింద వెదకాలి? 1859కి ముందు రాజమండ్రి జిల్లా, తరువాత గోదావరి జిల్లా, 1925 నుండి తూర్పు గోదావరి, 2022 నుండి కోనసీమ. హెమింగ్వే 1907లో ప్రకటించిన గోదావరి గజెటీరులో రాజోలు తాలూకా అన్న శీర్షికే కనిపించదు. అక్కడ ఉన్నది నగరం తాలూకా. రాజోలు సంగతులు దాని కింద వెదకాలి.