ఆరంగుళాల అద్దం, పదమూడో అక్షాంశం

1689 డిసెంబరులో పుదుచ్చేరిలో జాన్ రిషో అనే జెసూట్ ఫాదరీ ఒక తోకచుక్కను దుర్భిణిలో గమనిస్తున్నాడు. దానికి దగ్గర్లో మెరుస్తున్న ఆల్ఫా సెంటారి మీదికి గొట్టం తిప్పాడు. అంతవరకూ ఒక్క చుక్క అనుకున్నది రెండుగా కనిపించింది. సూర్యుణ్ణి పక్కన పెడితే మనకు అన్నిటికన్నా దగ్గరి నక్షత్ర కుటుంబంలో జంట ఉందని లోకానికి తెలిసింది అలాగే. లండన్‌లో ఎంత పెద్ద దుర్భిణి పెట్టినా ఈ సంగతి బయటపడేది కాదు, అక్కడ ఆ నక్షత్రం ఉదయించదు మరి. కుప్పంలో ఉదయిస్తుంది. పుంగనూరులో, మదనపల్లెలో కూడా ఉదయిస్తుంది.

మన చిత్తూరు సీమలో చిన్న టెలిస్కోపు కొన్నవాళ్లు తరచూ పడే బెంగ ఒకటుంది. ఇంటర్నెట్‌లో కనిపించే రంగుల బొమ్మలు తమ ఐపీస్‌లో కనిపించవని, ఇంకా పెద్దది కొనాలని. ఆ బెంగ అక్కర్లేదు. మనకున్న అక్షాంశం డబ్బుతో కొనగలిగేది కాదు. ఆరంగుళాల అద్దం, ఓపిక పట్టిన కన్ను దానికి తోడైతే జంట నక్షత్రాలకూ నీహారికలకూ ధారాళంగా సరిపోతాయి.

రెండు ధ్రువాల మధ్య

కుప్పం, పుంగనూరు, మదనపల్లె మూడూ పదమూడో ఉత్తర అక్షాంశానికి అటూ ఇటూగా ఉన్నాయి. అందుకే ధ్రువ నక్షత్రం ఉత్తరాన 13 డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది. మే నెల రాత్రి దక్షిణానికి తిరిగితే మనవాళ్లు త్రిశంకుడని చెప్పుకునే నక్షత్రాల సిలువ నిటారుగా నిలబడుతుంది. వెనకే ఆల్ఫా సెంటారి సుమారు 16 డిగ్రీల దాకా లేస్తుంది. రెండు అర్ధగోళాల ఆకాశాన్నీ ఒకే పెరట్లోంచి చూసే అవకాశం ఇది.

ఈ లెక్క బాగా తెలిసిన మనిషి ఖగోళ శాస్త్రవేత్త వైను బప్పు. తండ్రి హైదరాబాదు నిజామియా వేధశాలలో పనిచేయడంతో ఆయన చిన్నతనం దుర్భిణుల మధ్యే గడిచింది. దక్షిణాకాశం బాగా అందే చోటు కోసం వెతికి జవ్వాది కొండల్లోని కావలూరును ఎంచుకున్నారు. అక్కడ 1968లో 38 సెంటీమీటర్ల దుర్భిణితో పని మొదలైంది, 1972లో ఒక మీటరుది వచ్చింది, 1986లో 2.34 మీటర్లది. కుప్పం నుంచి కావలూరుకు సూటిగా కొలిస్తే సుమారు 55 కిలోమీటర్లే. వాళ్ల నెత్తిమీద ఉన్న ఆకాశమే మన నెత్తిమీదా ఉంది.

ఆరంగుళాలతో చేసిన పని

పంతొమ్మిదో శతాబ్దంలో మద్రాసు వేధశాలను నడిపిన కెప్టెన్ జేకబ్ చేతిలో ఉన్న ముఖ్యమైన దుర్భిణి కటకం ఆరంగుళాలకు కాస్త ఎక్కువ. దానితోనే ఆయన జంట నక్షత్రాలను ఏళ్ల తరబడి కొలిచాడు. 70 ఓఫియూకి అనే జంట కదలికలో తేడా చూసి, అక్కడ కంటికి కనిపించని గ్రహం ఉందని 1855లో ప్రకటించాడు. ఆ గ్రహం నిలబడలేదు. సౌర కుటుంబం బయట గ్రహాన్ని కొలతలతో వెతకవచ్చన్న ఆలోచన మాత్రం నిలబడింది. విశాఖపట్నంలో గోడే జగ్గారావు 1840లో నెలకొల్పిన వేధశాలను ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు చేపట్టి, ఆరంగుళాల దుర్భిణి తెప్పించి, 1874 డిసెంబరు 9న శుక్రుడు సూర్యబింబం మీదుగా దాటడాన్ని గమనించారు. నేడు పట్నంలో మధ్యతరగతి ఇల్లు కొనుక్కోగల ఆరంగుళాల టెలిస్కోపు ఆనాడు వేధశాలల స్థాయి పరికరమన్నమాట.

జంటను విడదీయడం

రెండు నక్షత్రాల ఎడాన్ని సెకన్లలో చెబుతారు. డిగ్రీలో 3,600వ వంతు ఒక సెకను. ఎంత దగ్గరి జంటను విడదీయగలమో అద్దం వెడల్పే నిర్ణయిస్తుంది. 116ను మిల్లీమీటర్లలో చెప్పిన అద్దం వ్యాసంతో భాగిస్తే ఆ హద్దు వస్తుంది. 80 మిల్లీమీటర్లకు 1.45 సెకన్లు, 150కి 0.77. డాస్ అనే ఆంగ్ల పరిశీలకుడు ఏళ్ల అనుభవంతో తేల్చిన సూత్రమిది.

మొదలు పెట్టాల్సింది పెళ్లిలో పంతులుగారు చూపించే అరుంధతీ వశిష్ఠుల దగ్గర. ఆ రెంటినీ మామూలు కన్నే విడదీస్తుంది. టెలిస్కోపు పెడితే వశిష్ఠుడొక్కడే 14 సెకన్ల ఎడంతో రెండు చుక్కలవుతాడు. తర్వాతి మెట్టు రాముడి జన్మ నక్షత్రమైన పునర్వసులోని క్యాస్టర్, ఐదున్నర సెకన్లు. క్యాస్టర్‌లోని రెండు చుక్కలూ ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతున్నాయని 1803లో విలియం హెర్షెల్ నిరూపించాడు. న్యూటన్ గురుత్వాకర్షణ సౌర కుటుంబం బయటా పనిచేస్తుందనడానికి దొరికిన తొలి సాక్ష్యం అదే. ఆ తర్వాత త్రిశంకుడి అడుగు చుక్క ఆక్రక్స్, నాలుగు సెకన్లు. అన్నిటికన్నా గట్టి పరీక్ష జ్యేష్ఠ. ఎర్రటి పెద్ద చుక్కకు మూడు సెకన్లలోపే మసక తోడు ఉంది. లండన్‌లో జ్యేష్ఠ 12 డిగ్రీలు మించి లేవదు. మనకు 50 డిగ్రీల ఎత్తులో, పలచని గాలిలోంచి దొరుకుతుంది.

పని తీరు ఇది. మొదట 25 మిల్లీమీటర్ల ఐపీస్‌తో చుక్కను మధ్యకు తెచ్చుకోవాలి. 1,200 మిల్లీమీటర్ల ఫోకల్ లెంగ్త్‌కు అది 48 రెట్లు. ఆపైన 10, వీలైతే 6 మిల్లీమీటర్లకు మారాలి. చుక్క గుండ్రటి చిన్న బిళ్లలా, చుట్టూ పలచని వలయంతో కనిపిస్తే అద్దాలు సరిగ్గా కుదిరినట్టు. ఒక పక్కకు తోక లాగితే స్క్రూలు తిప్పి సరిచేయాలి. దిక్కు తెలుసుకోవడానికి గొట్టాన్ని కదపకుండా వదిలేస్తే చాలు, చుక్క జారిపోయే వైపు పడమర. ఖగోళ మధ్యరేఖ దగ్గరి చుక్క నాలుగు సెకన్ల కాలంలో 60 సెకన్ల ఎడాన్ని దాటుతుంది కాబట్టి, స్టాప్‌వాచ్‌తోనే ఎడం ఎక్కువున్న జంటలను కొలవొచ్చు.

ఆల్ఫా సెంటారిని చూసేటప్పుడు ఇంకో వింత కనిపిస్తుంది. నేలకు దగ్గరగా ఉండటంతో గాలి పట్టకంలా పనిచేసి, చుక్కకు ఒక అంచున నీలం, మరో అంచున ఎరుపు పూస్తుంది. రెండూ ఉడుకుతున్నట్టు వణుకుతాయి. కన్ను తీయకుండా ఉంటే, ఏదో ఒక క్షణం గాలి నిలబడి రెండు పసుపు చుక్కలు విడివిడిగా తేలతాయి. ఆ క్షణం కోసమే కాచుకోవాలి. 2016లో నాలుగు సెకన్లకు దగ్గరైన ఈ జంట ఇప్పుడు మళ్లీ విడిపోతూ వస్తోంది. సుమారు 80 ఏళ్లకో చుట్టు తిరిగే ఇవి, రిషో చూసిన నాటి నుంచి నాలుగు చుట్లు పూర్తి చేశాయి.

నీహారికలకు వేరే కన్ను

జంటలకు నిలకడైన గాలి కావాలి, నీహారికలకు చీకటి కావాలి. అమావాస్యకు అటూ ఇటూ వారం రోజులు మంచివి. కంటికి చీకటి అలవాటు కావడానికి అరగంట పడుతుంది. మధ్యలో సెల్‌ఫోన్ వెలిగిస్తే మళ్లీ మొదటికొస్తుంది. టార్చికి ఎర్ర కాగితం చుట్టుకోవాలి. మసక వస్తువును నేరుగా చూడకూడదు, కాస్త పక్కకు చూడాలి. రెటీనా నడిబొడ్డున పగటి చూపు కణాలే ఉంటాయి, రాత్రి చూపు కణాలు దాని చుట్టూ ఉంటాయి. గొట్టాన్ని వేలితో మెల్లగా తడితే, కదలిక వల్ల కనిపించని అంచులు కూడా బయటపడతాయి.

చీకటికి అలవాటుపడ్డ కన్ను 507 నానోమీటర్ల వెలుగును బాగా పడుతుంది. చాలా నీహారికల్లో ఆక్సిజన్ వెలిగేది 501 దగ్గర. ఆ వెలుగును మాత్రమే వదిలే ఓ-త్రీ ఫిల్టరు చిన్న అద్దానికి అందుకే అంత సాయం చేస్తుంది.

జనవరి, ఫిబ్రవరి సాయంత్రాల్లో ఓరియన్ వేటగాడి బెల్టు కింద ఎం-42 నీహారిక ఉంటుంది. 1,300 కాంతి సంవత్సరాలకు పైగా దూరం. 48 రెట్లలో బూడిద రంగు రెక్కలు రెండువైపులా విప్పుకుని, మధ్యలోకి నల్లటి అఖాతం చొచ్చుకొచ్చి కనిపిస్తుంది. 120 రెట్లకు వెళ్తే దాని నడుమ నాలుగు చుక్కలు విడివడతాయి. అవి ఆ వాయువులోంచే పుట్టిన పసి నక్షత్రాలు, ఆ వాయువు వెలిగేది చాలామటుకు వాటివల్లే. ఏప్రిల్ మొదట్లో రాత్రి పదింటికి దక్షిణాన ఈటా కరీనా నీహారిక వస్తుంది. అది ఆకాశంలో ఎం-42 కన్నా విశాలం, ఐరోపాకు అందనిది. ఏప్రిల్ చివర తెల్లవారుజామున నాలుగింటికి ధనుస్సులోని ఎం-8 నీహారిక దక్షిణాన నిలుస్తుంది.

చోటు, కాలం

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనం మనల్ని వదలదు. జనవరి నుంచి మే వరకు మన కాలం. మిద్దె మీద పెట్టాలనే అందరికీ అనిపిస్తుంది. కానీ పగలంతా కాగిన సిమెంటు కప్పు అర్ధరాత్రి దాకా వేడి కక్కుతుంది, పైనున్న చుక్కలన్నీ వణుకుతాయి. టమోటా చేను గట్టు మేలు, తడిపిన మట్టి పెరడు మేలు. అద్దాన్ని అరగంట ముందే బయట పెట్టాలి. బెంగుళూరు వెలుగు మనకు పడమటి దిక్కును కొంత తినేస్తోంది. అందుకే మసక వస్తువులను తూర్పు, దక్షిణాల్లో ఎంచుకోవడం తెలివి.

దీనివల్ల ఏమిటి?

గయా ఉపగ్రహం కోట్లాది నక్షత్రాలను మన ఊహకందని కచ్చితత్వంతో కొలిచేసింది. మన స్టాప్‌వాచ్ లేకపోతే శాస్త్రం ఆగిపోతుందనడం గొప్పలకు పోవడమే. విలువ ఇంకోచోట ఉంది. కాంతి పాఠం చదివిన పదో తరగతి పిల్ల, వ్యాసం పెరిగితే ఎడం ఎందుకు కనిపిస్తుందో జ్యేష్ఠ దగ్గర కళ్లారా తెలుసుకుంటుంది. చూసింది ఒకటి, చూశాననుకున్నది ఒకటి అని పెన్సిలుతో బొమ్మ గీసినప్పుడు తేలుతుంది. తేదీ, వేళ, ఐపీస్, గాలి నిలకడ రాసిపెట్టిన నోటుబుక్కు ఏ ఫోటోకన్నా నిజాయితీగల సాక్ష్యం.

టెలిస్కోపు కొనే ముందు కావలూరు ఒకసారి వెళ్లిరండి, సందర్శకులను ఏ వేళల్లో అనుమతిస్తారో ముందే కనుక్కోండి. కుప్పం, పుంగనూరు, మదనపల్లె పురపాలకులకు ఒక మనవి: వీధి దీపాలకు వెలుగు కిందికే పడేలా తొడుగులు వేయించండి. దారి ఇంకా బాగా కనిపిస్తుంది, కరెంటూ మిగులుతుంది, ఆకాశం పాడు కాదు. అక్షాంశం ఎవరూ ఎత్తుకుపోలేరు గానీ చీకటిని మనమే పోగొట్టుకుంటాం.