వార్తయు వదంతియు

2013వ సంవత్సరము నవంబరు 2వ తేది, దీపావళికి ముందునాటి సాయంకాలము, విజయనగరమునకు చేరువనున్న గొట్లాం స్టేషనులో నొక రైలుబండినుండి జనులు చీకటిలో పట్టాలమీదికి ఉఱికిరి. అది ధన్‌బాదునకు పోవు బొకారో ఎక్స్‌ప్రెస్సు. పెట్టెలో నిప్పంటుకొన్నదని కేక పుట్టెను. నిప్పు లేదు. కాని ప్రక్కపట్టాలమీదుగా వచ్చుచున్న విజయవాడ–రాయగడ పాసింజరు మాత్రము నిజమే. ఎనమండుగురికి తక్కువ గాకుండ దాని క్రింద బడి ప్రాణములు గోల్పోయిరి. ఆ కేక వేసినవానికి దురుద్దేశము ఉండెనని నే ననుకొనను. బహుశః వాడును భయపడియే యుండును. నిలిచి చూచుటకు వ్యవధి లేక, తనకు తోచినది పైకనెను.

రైలుపెట్టెలోని బాటసారిని మనము క్షమింపవచ్చును. చూచి చెప్పుటయే వృత్తిగా బెట్టుకొని, అందులకు యంత్రములు, ఉద్యోగులు, సర్కారువారి అనుమతిపత్రమును గలిగియున్న సంస్థ, చూడకుండ కేకవేయుటనే వ్యాపారముగ మార్చుకొన్నప్పుడు దాని నేమనవలెను? మన యిండ్ల వసారాలలో నుదయము మొదలు రాత్రి వఱకు మ్రోగుచున్న టెలివిజను వార్తలను గూర్చి యీ ప్రశ్న వేయక తప్పదు.

తెలుగువారికి ప్రైవేటు టెలివిజను 1995లో ఈటీవీతో బలపడెను. 2003వ సంవత్సరాంతమున ఈటీవీ–2, 2004లో టీవీ–9 వచ్చి, యహోరాత్రములు వార్తలే చెప్పు పద్ధతిని మనకు నేర్పినవి. పిమ్మట వచ్చినవానికి లెక్కలేదు. చిక్కంతయు నిచ్చటనే యున్నది. శ్రీకాకుళ విజయనగర జిల్లాలలో రోజునకు ఇరువదినాలుగు గంటలకు చాలినంత వార్త పుట్టదు. పుట్టునట్టిది వంశధార కాలువల నీరు, జీడిపిక్కల ధర, చెన్నపట్టణమునకును హైదరాబాదునకును కూలికై పోవు కుటుంబములు, కొండపల్లెలనుండి డోలీలో మోయబడు గర్భిణులు. ఇవి నెలలతరబడి మెల్లగా జరుగు సంగతులు. కెమెరాకు మెల్లగా జరుగునది కనబడదు. కావున మిగిలిన గంటలను కేకతో నింపవలసివచ్చుచున్నది.

2023వ సంవత్సరము అక్టోబరు 29వ తేది ఆదివారము రాత్రి యేడుగంటల ప్రాంతమున, కంటకాపల్లి, అలమండ స్టేషనుల నడుమ, ముందు పోవుచున్న విశాఖపట్టణము–పలాస పాసింజరును వెనుకనుండి విశాఖపట్టణము–రాయగడ పాసింజరు గ్రుద్దెను. పదునలుగురు మరణించిరి. ఏబదిమందికి బైగా గాయపడిరి. ఇంటిదారి బట్టిన సామాన్యజనులు వారు. వెనుకబండి నడపిన డ్రైవరును, ఆతని సహాయకుడును మృతులలో జేరిరి. ఆ రాత్రి ఛానెళ్లు చూపిన దృశ్యములను మఱల వర్ణించి యదే దోషము నేను చేయను. ఒక్క మాట మాత్రము చెప్పెదను. ముఖములు కప్పబడని కళేబరములను, తన వారికొఱకు వెదకుకొనుచున్న యాడుదాని నోటిముందఱ బెట్టబడిన మైకును జూచి, యన్నము ముందఱ గూర్చున్న మా యింటి పిల్లలు చూపు మఱల్చుకొనలేదు. అదియే నన్ను భయపెట్టినది. వారికది యలవాటైపోయినది.

అంతటితో దీరలేదు. 2024 మార్చినెలలో రైల్వేమంత్రిగారు డ్రైవరును సహాయకుడును ఫోనులో క్రికెట్టు ఆట చూచుచు ఏమఱియుండి రనిరి. ప్రమాదమునాడు లక్నోలో భారత ఇంగ్లండు జట్ల పోటీ జరిగినమాట నిజము. కావున కథ యతికినది. అంత పెద్ద పదవిలో నున్నవారు చెప్పినది ప్రకటింపగూడదా యని యడుగుదురు. ప్రకటింపవచ్చును, మంత్రిగా రిట్లనిరని. కాని ఛానెళ్ల క్రిందిభాగమున పరుగెత్తు అక్షరములలో ‘అనిరి’ యను క్రియ జారిపోయెను. అభియోగము నిర్ధారణమయ్యెను. పదునలుగురి చావునకు క్రికెట్టు పిచ్చియే కారణమని యూరూర జెప్పుకొనిరి. చనిపోయిన యిద్దఱు మాఱుపలుకరు. వారి యిండ్లవారు వీధిలోనికి రావలసియుండును గదా! పిమ్మట, ఆ సంవత్సరమే, రైల్వే భద్రతా కమిషనరు విచారణలో తేలిన సంగతులు వెలుగులోనికి వచ్చినవి. అవి యీ క్రికెట్టు కథను సమర్థింపలేదు. చెడియున్న రెండు సిగ్నళ్లను ఆ బండి నియమానుసారముగ దాటలేదన్నది వేఱుసంగతి. రాత్రివేళ ఆటోమేటిక్ సిగ్నలు ఎఱుపు చూపుచున్నచో రెండు నిమిషములు నిలిచి, పిమ్మట నడకవంటి వేగముతో బోవలెనని రైల్వేనియమము. ఆ సిగ్నళ్లేల చెడియుండెను? చెడినట్లు డ్రైవరున కెట్లు తెలియజేయబడెను? బండ్లు గ్రుద్దుకొనకుండ నాపు కవచ్ యంత్రము ఆ మార్గమున నేల లేదు? ఇవి ప్రయాణము చేయు ప్రతి కుటుంబమునకును వలయు ప్రశ్నలు. క్రికెట్టు కథ వీని నన్నిటిని మ్రింగివేసెను. అసత్యవార్త యొకరి పరువును మాత్రమే తీయదు. అడుగవలసిన ప్రశ్నకుగల చోటును గూడ నాక్రమించును.

కేక వలన వీధులు మండిన సందర్భమును మన మెఱుగుదుము. 2009 సెప్టెంబరు 2వ తేదిని ముఖ్యమంత్రి వై.యస్. రాజశేఖరరెడ్డిగారు హెలికాప్టరు ప్రమాదమున మరణించిరి. 2010 జనవరినెలలో నొక తెలుగు ఛానెలు, విదేశపు వెబ్‌సైటులోని యొక వ్రాతను బట్టుకొని, యది వ్యాపారస్థుల కుట్రయని ప్రసారము చేసెను. తక్కిన వందుకొన్నవి. ఆ రాత్రియే రాష్ట్రమున పలుచోట్ల రిలయన్సు దుకాణములపై రాళ్లు పడినవి. ఉద్యోగులు కొందఱు నిర్బంధింపబడిరి. విచారణలలో కుట్ర కానరాలేదు. ఆ వ్రాత యెవ్వరిది, దాని కాధారమేమి యని యొక పూట యాగి యడిగినచో సరిపోయెడిది. పూట యాగినచో పోటీవా డందుకొనునని భయము! 2018లో శ్రీదేవి దుబాయిలో స్నానపుతొట్టెలో మరణించినప్పుడు, ఒక తెలుగు విలేకరి తానే తొట్టెలో బరుండి చూపెను. దేశమంతయు నవ్వెను. నవ్వి మఱచిపోయితిమి.

ఈ తప్పు కేవలము విలేకరులదని త్రోసివేయుట న్యాయము గాదు. మండలములలో పనిచేయు విలేకరులలో పెక్కండ్రకు జీతము లేదు. గుర్తింపుకార్డు, మైకుపై గుఱుతు నుండును. ఉగాదికిని దసరాకును ప్రకటనలు వసూలుచేసి పంపవలెనను భారము మాత్ర ముండును. నెలకింతయని జీతమీయక, ప్రకటనలు దెమ్మని తఱుముచు, నట్టివానినుండి నిష్పాక్షికత గోరుట యెట్లు? వాడు సర్పంచిని గూర్చి వ్రాయునా? గ్రానైటు క్వారీ యజమానిని గూర్చి వ్రాయునా? నోరులేని వారిని గూర్చియే వ్రాయును. పరకులపు పిల్లవానితో వెళ్లిపోయిన పదునెనిమిదేండ్ల పిల్ల యిల్లు వానికి సులభముగ దొరకును. ఆమె తల్లి యేడ్పు ‘బ్రేకింగ్’ అగును. ఆ పిల్ల యే యూరి కోడలైనను, ఆ పది నిమిషముల దృశ్యము ఫోనులలో నామె వెంట దిరుగుచుండును. అత్యాచారమునకు గుఱియైన స్త్రీ పేరు బయలుపెట్టరాదని చట్టమున్నది. పేరు చెప్పక, యూరుపేరు చెప్పి, తండ్రి వృత్తి చెప్పి, యింటి గుమ్మము చూపి, ముఖమునకు మసక వేయుట యేటి పాటింపు? పల్లెలో నింకను గుర్తుపట్టనివా రెవ్వరు?

పైనున్న యజమానిని నడపునది ప్రేక్షకుల లెక్క. దేశమందు కొన్ని పదివేల యిండ్లలో యంత్రములు పెట్టి, యెవ్వరేమి చూచిరో లెక్కించి, యా లెక్కననుసరించి ప్రకటనల ధర నిర్ణయింతురు. ఆ లెక్కలో మోసము జరిగినదన్న యారోపణపై 2020 అక్టోబరున వార్తా ఛానెళ్ల లెక్కలను నిలిపివేసి, 2022 మార్చిలోగాని మఱల నీయలేదు. ఆ పదునేడు నెలలును లెక్క లేకున్నను కేక తగ్గలేదన్నది గమనింపదగినది. అప్పటికే యది స్వభావమైపోయినది.

ఉద్దానము సంగతి యిందులకు నెదురుసాక్ష్యము. కవిటి, సోంపేట, కంచిలి, మందస మండలములలో మూత్రపిండవ్యాధి దశాబ్దములుగా నిండ్లను గూల్చుచున్నది. దాని మూలకారణ మిదియని వైద్యులు నేటికిని నిశ్చయింపలేదు. ఒక్కొక్క యింట నిద్దఱు ముగ్గురు పోయిరి. 2017 జనవరిలో సినిమానటుడును రాజకీయనాయకుడునగు పవన్ కల్యాణ్‌గారు ఇచ్ఛాపురము వచ్చినదాక, తెలుగు ఛానెళ్లలో దానికి దొరికిన చోటు స్వల్పము. వచ్చిననాడు కెమెరాలు దిగినవి. ఆయన కారు వెంటనే చాలవఱకు మరలినవి. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ ఆసుపత్రియు, హిరమండలమునుండి శుద్ధజలము తెచ్చు పథకమును ప్రారంభమైనప్పుడు మఱల వచ్చినవి. ఈ నడుమ వారమునకు రెండుమూడుమార్లు డయాలిసిస్‌నకు పోవు మనుష్యుని బస్సు ప్రయాణమును, ఆతని భార్య కూలిపోగొట్టుకొన్న దినములను లెక్కించి చెప్పినవారు దినపత్రికల విలేకరులు కొందఱు, వైద్యులు, సంఘసేవకులు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస ప్రాంతమున తీరముదాటి కొబ్బరిచెట్లను, జీడితోటలను నేలగూల్చినప్పుడును ఇట్లే. గాలిలో నూగుచు విలేకరి యఱచుట హైదరాబాదులోనివారు చూచిరి. కరెంటుస్తంభములు కూలిన యుద్దానమువారి కా టెలివిజను పలుకనే లేదు. నీళ్లబండి యెచ్చట నున్నదో, బియ్యమెచ్చట నిచ్చుచున్నారో చెప్పుటయే యానాటి వార్త. ఎవరి యాపద యో వారు ప్రేక్షకులు కాకపోయినప్పుడు, వార్త వారికొఱకు చెప్పబడదు, వారినిగూర్చి చెప్పబడును.

కందుకూరి వీరేశలింగముపంతులుగారు 1874లో వివేకవర్ధని స్థాపించి లంచగొండులను బట్టబయలు చేయలేదా, సంచలనము లేక సంస్కరణ మెట్లు వచ్చునని నా మిత్రు లడుగుదురు. ఉచితమైన ప్రశ్నయే. ఆయన కలమునకు మొగమోటము లేదు. ఒక్కొక్కచో పరిహాసము హద్దుమీఱెనని నాకును దోచును. కాని యాయన తనకంటె బలవంతులపై వ్రాసి, యందులకు దానే నిలువబడెను. విజయనగరముననే మఱియొక నిదర్శనము గలదు. గురజాడ అప్పారావుగారు కన్యాశుల్కము తొలికూర్పునకు వ్రాసిన యాంగ్లపీఠికలో నొక పట్టికను బేర్కొనిరి. మహారాజావారు విశాఖపట్టణమండలమున బ్రాహ్మణ కుటుంబములలో మూడేండ్లలో జరిగిన శుల్కవివాహములను వ్రాయించిరట. మొత్తము 1,034. అందైదేండ్ల బాలికలు 99 మంది, ఏడాది పిల్లలు ముగ్గురు. ఆ ముగ్గురిలో నొక్కతె పేరైనను మనకు దెలియదు. తెలియనక్కఱలేకపోయెను. పేరులేని యా సంఖ్య చదివి నేడును ఒడలు జలదరించును. ఆ కాలమున కెమెరా యున్నచో, ఆ ముగ్గురి తల్లుల గుమ్మములయొద్ద మైకు పెట్టి, సాయంకాలము గిరీశము వంటి నలుగురు సర్వజ్ఞులను గూర్చుండబెట్టి వాదులాడించి, మఱునాడు వేఱుకథకు బోయెడివారు.

చట్టము లేకపోలేదు. 1995 నాటి కేబులు టెలివిజను చట్టముక్రింది నియమములలో అసత్యములను, అర్ధసత్యములను ప్రసారము చేయరాదని స్పష్టముగ నున్నది. ఛానెళ్లవారు 2008లో తామే యొక నియంత్రణసంస్థ నేర్పఱచుకొనిరి. అది విధింపగల జరిమానా లక్ష రూపాయలు. ఆ మొత్తము చాలదని 2023 ఆగస్టులో సుప్రీంకోర్టే యాక్షేపించెను. పైగా నందులో జేరుట యైచ్ఛికము. సర్కారుచేతికి గట్టి కొరడా నిచ్చుట మఱింత ప్రమాదము. నచ్చని ఛానెలు కేబులులో మాయమగుటను మన రాష్ట్రమున చూచియేయున్నాము. నేను గోరునది చిన్నది. తప్పని తేలిన వార్తను, తొలుత నే గంటకు, నెంత సేపు, నెంత పెద్ద యక్షరములలో జెప్పిరో, అదే గంటకు, నంత సేపు, నంత పెద్ద యక్షరములలో సవరింపవలెను. కంటకాపల్లి డ్రైవర్ల విషయమున నట్టి సవరణను నేను మా యింటి టెలివిజనులో నింతవఱకు జూడలేదు.