నేలక్రింది సంపు

పల్నాటి యెండలో పెరిగిన మాకు నీటిని నిలిపిన చేతికి మ్రొక్కుట పుట్టుకతో వచ్చిన గుణము. అందుచేతనే కాబోలు, 2024లో హైదరాబాదు నగరపాలకులు రాజ్‌భవన్ రోడ్డు, ఖైరతాబాదు ప్రాంతములలో భూమిక్రింద కట్ట మొదలిడిన వాననీటి సంపులు నాకు మేడలకంటె మనోహరములుగా తోచుచున్నవి. హెక్టారు నేలపై సెంటీమీటరు వర్షము పడినచో లక్ష లీటర్లగును. ఇంకుటకు మట్టి దొరకక పల్లమునకు పరుగెత్తు ఆ నీరు మోకాలిలోతు నిలువకమునుపే, సంపు నోటనుండు ఇనుప జాలీ ఆకులను, సంచులను అడ్డగించి దానిని లోనికి దింపును. ఒండ్రు అడుగునకు చేరును. కాలువలో పోటు తగ్గినపిదప మోటారు ఆ నీటిని మెల్లమెల్లగా వెలికి తోడును. గడియలో కురిసినదానిని కాలువచేత పూటంతయు మోయించుటయే ఇందలి నేర్పు. అట్టి తావున బడి వదలిన పిల్లలు చెప్పులు చేతబట్టకయే ఇల్లు చేరుదురు. అయితే, తొలకరికి ముందే దిగి పూడిక తీయు పారిశుద్ధ్య కార్మికుని పార లేనిచో, ఎంతటి సంపైనను రెండు వానలకే బురదగుంటయగును. నా నమస్కారములో పెద్దపాలు ఆ పారకే. మా పల్నాటి నరసరావుపేట వీథులలో నడచు అయ్యలారా, అమ్మలారా, మన ఊరి పారకును బరువు పెంచక, సైడు కాలువలో కవర్లు పడవేయకుడు.